ఉబ్బిన ప్యాకెట్లు

వేడిగది తలుపు తీయగానే సత్యప్రసాద్ ముక్కుకి పులిసిన వాసన కొట్టింది. ఇంక లోపలికి తొంగి చూడక్కర్లేదు. అయినా చూశాడు. అట్టపెట్టెల్లో బుద్ధిగా నిలబడాల్సిన కొబ్బరినీళ్ల ప్యాకెట్లలో కొన్ని పొట్టలు ఉబ్బించుకుని పక్కవాటిని తోసేస్తున్నాయి. ఒకటి పగిలి, దాని నీళ్లు నేలమీద జిగురులా ఆరిపోయాయి.

"మళ్లీనా!" అంటూ తలుపుని కాలితో తన్నాడు. తలుపుకి ఏమీ కాలేదు గానీ బొటనవేలు మాత్రం జివ్వుమంది.

ఇది రెండోసారి. మొదటిసారి ఉబ్బినప్పుడు, కొత్త మిషను గదా, గాడిలో పడ్డానికి టైము పడుతుందిలే అని ఒకరినొకరు ఓదార్చుకున్నారు. ఇప్పుడు ఆ మాట అనడానికి ఎవరికీ మొహం లేదు.

కొత్తపేట దాటి కాలవగట్టు మీద కొంచెం దూరం వెళితే బుచ్చిరాజు గారి ఫ్యాక్టరీ వస్తుంది. దానికో పెద్ద ఇంగ్లీషు పేరుంది గానీ, చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా బొండాల ఫ్యాక్టరీ అనే అంటారు. బొండంలో నీళ్లు కాయలో ఉన్నంతసేపూ భేషుగ్గా ఉంటాయి. కాయ కొట్టామా, పూట తిరక్కుండా తాగెయ్యాలి. ఆ నీళ్లని ఐసు అక్కర్లేకుండా, ఏ మందూ కలపకుండా, కాగితం ప్యాకెట్లో నెలల తరబడి నిలవ ఉంచి సముద్రం దాటించాలని రాజుగారి కోరిక. నీళ్లని క్షణంలో మరిగించి, అంత వేగంగానూ చల్లార్చి, గొట్టాల్లోంచి మిషనులోకి పంపుతారు. ఇటుపక్క బండిచక్రమంత పేపరు చుట్ట ఉంటుంది. ఆ పేపరు క్రిముల్ని చంపే మందునీళ్ల తొట్టిలో మునిగి లేచి, వేడిగాలికి ఆరి, గొట్టంలా చుట్టుకుని, నీళ్లు నింపుకుని, అతుక్కుని, తెగి, ప్యాకెట్లై కింద పడుతుంది. ఇదంతా గాజుతలుపు వెనక జరుగుతుంది. అక్కడికి వెళ్లే గాలిని కూడా వడగట్టే పంపుతారు. ఇంత చేసినా కంటికి కనపడని క్రిమి ఒక్కటి లోపలికి దూరిందంటే చాలు, ఆ తియ్యటి నీళ్లలో దాని సంతానం వృద్ధి చెంది, ప్యాకెట్ని బూరెలా పొంగించేస్తుంది. అందుకే తయారైన సరుకుని వారం రోజులు వేడిగదిలో పెట్టి చూస్తారు. చెడిపోయేది ఏదైనా ఉంటే అక్కడే బయటపడాలి.

బయటపడుతోంది కూడా. అదే సత్యప్రసాద్ ఏడుపు.

మిషను నడిపేది అతనే. ఐటీఐ చదివి, చిత్తూరు వైపు మామిడిగుజ్జు ఫ్యాక్టరీల్లో కొన్నేళ్లు పనిచేసి, ఈ మిషన్ల వ్యవహారం క్షుణ్ణంగా నేర్చుకున్నాడు. సొంత ఊరి దగ్గర అలాంటి ఫ్యాక్టరీయే పెడుతున్నారని తెలిసి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆ పరుగుకి కారణం విజయ.

విజయ అతని భార్య. పెళ్లయిన కొత్తలోనే తొంభయ్యారు తుఫాను వచ్చి ఇల్లు నేలమట్టం చేసింది. మళ్లీ గోడలు లేపాలంటే వేరే దారి కనపడక విజయ మస్కట్‌లో ఒక ఇంట్లో వంటపనికి వెళ్లింది. మధ్యలో ఒక్కసారి వచ్చి నెల్లాళ్లుండి వెళ్లింది. ఇల్లు లేచింది, డాబా కూడా పడింది. ఆ డాబా కింద వాళ్లిద్దరూ కలిసి కాపరం చేసిన రోజులు మాత్రం ఆ నెల్లాళ్లే. ఇప్పుడు ఆవిడ గడువు అయిపోవచ్చింది. ఇంకో రెండేళ్లకి సంతకం పెట్టమని అక్కడి ఇంటావిడ అడుగుతోంది. మొదటి సరుకు ఓడెక్కిన రోజున ప్రసాద్ ఉద్యోగం పర్మినెంటు చేస్తానని బుచ్చిరాజు గారు మాటిచ్చారు. ఉద్యోగం నిలబడితే విజయ వచ్చేస్తుంది. ప్యాకెట్ ఉబ్బితే రాదు. లెక్క అంత తేలిక. ఆ తేలికే అతన్ని పిచ్చివాణ్ణి చేస్తోంది.

ఉబ్బిన ప్యాకెట్ ఒకటి పట్టుకుని తిన్నగా రాజుగారి గదిలోకి వెళ్లి, బల్లమీద పెట్టాడు. పెట్టాడనడం మర్యాదకి, నిజానికి కొట్టాడు. ల్యాబ్ చూసే ఎలీసమ్మ అప్పటికే అక్కడ నిలబడి ఉంది. కాకినాడలో ఎమ్మెస్సీ చదివిన మనిషి, అనవసరంగా ఒక్క మాట మాట్లాడదు.

"నేను చెప్పేనండీ రాజుగారూ. మిషను దగ్గరికి జనాన్ని తీసుకురావద్దని చెప్పేనా, లేదా?" అన్నాడు ప్రసాద్. "మొన్న మీ తోడల్లుడు గారు గాజుతలుపు మీద రెండు చేతులూ ఆనించి మరీ చూసేరు. ఆయన వెనకాల ఇంకో అయిదుగురు. అందులో ఒకాయనకి జలుబు!"

బుచ్చిరాజు గారు నొచ్చుకున్నారు. వీధికుక్కని తోలాల్సి వచ్చినా 'వెళ్లండి' అంటారని ఆయన గురించి ఊళ్లో చెప్పుకుని నవ్వుకుంటారు. "అదికాదండీ ప్రసాదు గారూ, అంత దూరం నుంచి చూట్టానికి వచ్చినవాళ్లని గుమ్మంలో నిలబెట్టేస్తే ఏం బావుంటుంది చెప్పండి."

"ఏదీ బావుండక్కర్లేదండీ! ప్యాకెట్లు బావుంటే చాలు."

"దిష్టి కూడా తగిలుంటుందండీ. మా అత్తయ్య గారు అంటున్నారు..."

ప్రసాద్‌కి ఒళ్లు మండిపోయింది. దిష్టి! మిషను ప్రారంభించిన రోజున పంతులుగారు దాని ముందు కొబ్బరికాయ కొడితే నీళ్లు చిందని చోటు లేదు. ఆ మధ్యాహ్నమంతా కూర్చుని తుడుచుకున్నది ఎవరు? ఇతనే. ఆ మర్నాడు ఎవరో గాజుతలుపు పైన నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చి కట్టారు. ఇతను వాటిని తెంపి కాలవలో పారేసి, నలుగురూ వినేలా అరిచాడు. "పసుపనీ కుంకమనీ ఈ మిషను దరిదాపులకి ఎవరన్నా వచ్చేరో, నేను మనిషిని కాను! ఎవరైనా సరే, ఊరుకోను!"

ఆ అరుపు విన్న నలుగురిలో అతని తల్లి వీరాయమ్మ కూడా ఉంది. చీపురు పట్టుకుని గోడవార నిలబడింది. ఆవిడకి ఆ ఫ్యాక్టరీలో పని ఇప్పించింది కొడుకే. పేపరు చుట్టలుంచే గది ఊడవడం, కొత్త చుట్ట కావలసినప్పుడు దాని ప్లాస్టిక్ కవరు విప్పి, దుమ్ము దులిపి, తోపుడుబండి మీదికి ఎక్కించడం ఆవిడ పని.

"బొంబాయివాళ్లు ఇంకొక్క అవకాశం ఇస్తామన్నారండీ," అన్నారు బుచ్చిరాజు గారు చివరికి. గల్ఫ్ దేశాలకి సరుకు పంపే కంపెనీ అది. "ఇదీ ఉబ్బితే వాళ్లు వేరే చోటు చూసుకుంటారు. నేనూ మిషను అమ్ముకోవడమే."

ఎలీసమ్మ ఉబ్బిన ప్యాకెట్ చేతిలోకి తీసుకుంది. "అన్నీ ఉబ్బట్లేదండి. కొన్నే ఉబ్బుతున్నాయి. నీళ్లు సరిగ్గా మరక్కపోతే అన్నీ పోవాలి. ఈసారి వరస తప్పకుండా నంబర్లు వేసి పెడదామండి."

"వెయ్యండి. మీరు నంబర్లు వెయ్యండి, రాజుగార్ని చుట్టాల్ని ఆపమనండి, నేను మిషను చూసుకుంటాను," అని ప్రసాద్ బయటికి వచ్చేశాడు.

శుక్రవారం విజయకి సెలవు. సాయంత్రం ఆదిలక్ష్మి గారి కిరాణా కొట్టుకి ఫోన్ చేస్తుంది. ప్రసాద్ అరగంట ముందే వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు. ఆదిలక్ష్మి గారు బెల్లం తూస్తూ, "ఏం ప్రసాదూ, కుదిరిందా మీ నీళ్లు?" అని అడిగింది. దారిలో ఇప్పటికి నలుగురు అదే అడిగారు. "కుదుర్తాయండీ," అని పళ్లు బిగించాడు.

ఫోన్ మోగింది.

"ఏవండీ, తిన్నారా? అత్తయ్యగారు బావున్నారా?" అంది విజయ. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "ఇక్కడావిడ మళ్లీ అడిగిందండి. ఏదో ఒకటి చెప్పమంటోంది. మరి మీ ఫ్యాక్టరీ ఎంతవరకూ వచ్చింది?"

"వచ్చేసింది విజయా. ఇంకొక్కసారి చూస్తున్నాం, అంతే. నువ్వు సంతకం పెట్టొద్దు."

"కిందటిసారీ అలాగే అన్నారు గదండీ."

"అన్నాను. ఇప్పుడూ అంటున్నాను. ఈసారి అక్కడికి ఈగని కూడా రానివ్వను. నువ్వు వస్తున్నావు, అంతే. ఆవిడతో చెప్పెయ్."

"సరేనండి. వచ్చే వారం దాకా ఏదో చెప్పి ఆపుతాన్లెండి," అంది విజయ. ఆ గొంతులో ఆశ ఉంది. అది వినేసరికి ప్రసాద్‌కి సంతోషం వెయ్యలేదు, భయం వేసింది.

మూడోసారి మిషను మొదలుపెట్టే ముందు అతను చేసిన హంగామా ఇంతా అంతా కాదు. గాజుగది చుట్టూ తాడు కట్టాడు. గొట్టాల రబ్బర్లన్నీ కొత్తవి వేశాడు. వడపోత మార్చాడు. మందునీళ్ల తొట్టి కడిగి, మళ్లీ కడిగి, ఎలీసమ్మ చేత చూపించి, అది చాలక ఇంకోసారి కడిగాడు. బుచ్చిరాజు గారి అత్తయ్య, బొట్టుపెట్టెతో సహా గుమ్మం దాకా వచ్చిన పెద్దావిడ, తాడు దగ్గర ఆగిపోయి, "ఒక్క హారతి ఇచ్చి వెళ్లిపోతాను నాయనా," అంటే, "కాకినాడ కలెక్టరు గారొచ్చినా ఇంతేనండమ్మా," అని వెనక్కి పంపేశాడు. రాజుగారు సిగ్గుతో తల దించుకున్నారు.

మిషను చక్కగా నడిచింది. చుట్ట తర్వాత చుట్ట వచ్చింది, ప్యాకెట్లు టపటపా పడ్డాయి. ఎలీసమ్మ పక్కనే నిలబడి వరసగా నంబర్లు వేయించింది. అన్నీ వేడిగదిలోకి వెళ్లాయి. ఆ వారం ప్రసాద్ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. వీరాయమ్మ, "దిగులు పడకురా, ఈసారి మంచే జరుగుద్ది. నాకు తెలుసు," అనేది. "నీకేం తెలుసే అమ్మా?" అని విసుక్కునేవాడు.

వారం తిరిగింది. శుక్రవారం పొద్దున్న తలుపు తీశారు. ఉబ్బాయి.

ప్రసాద్ ఈసారి తలుపుని తన్నలేదు. గుమ్మంలోనే చతికిలబడిపోయాడు. ఏం తక్కువ చేశాం? ఎవరిని రానిచ్చాం? తాడు కట్టి, మర్యాద చంపుకుని, పెద్దావిణ్ణి గుమ్మంలోంచి పంపేసి, ఇంత చేస్తే మళ్లీ ఇదేనా!

ఎలీసమ్మ మాత్రం ప్యాకెట్లన్నీ నంబర్ల వరసలో నేలమీద పేర్పించింది. అటూ ఇటూ నడిచి చూసింది. "ప్రసాద్ గారూ, ఒక్కసారి లేచి ఇలా రండి. ఇక్కడ చూడండి. చెడింది ఒకటి, తర్వాత బాగున్నవి కొన్ని, మళ్లీ చెడింది ఒకటి. ఎడం మారట్లేదు. అదీ కొత్త చుట్ట వేసిన కాసేపే. చుట్ట సగానికొచ్చాక ఒక్కటీ పోలేదండి."

ప్రసాద్ లేచి వచ్చాడు. ఆ ఎడం చూస్తూ నిలబడ్డాడు. ఇంత పేపరుకి ఇన్ని ప్యాకెట్లు... చుట్ట ఒక్కసారి తిరిగితే వచ్చే ప్యాకెట్లు అన్నే. అంటే చుట్ట తిరిగినప్పుడల్లా ఒక్కో ప్యాకెట్ పాడవుతోంది. చుట్ట పక్కభాగంలో ఏదో ఒక్కచోట ఉండాలి. పేపరు విచ్చుకున్నకొద్దీ ప్రతి చుట్టుకీ అంచు మీద ఆ కాస్త మేరా లోపలికి వెళుతూ ఉండాలి.

ఉబ్బిన ప్యాకెట్ ఒకటి తీసి, నిలువు అతుకు దగ్గర చింపాడు. లోపలి అంచున, వెతికితే తప్ప కనపడనంత సన్నంగా, పచ్చటి మరక.

ఇంకోటి చింపాడు. అక్కడా పచ్చగానే ఉంది.

చుట్టల గదికి వెళ్లేసరికి వీరాయమ్మ కొత్త చుట్ట కవరు విప్పి, పక్కన గొంతుక్కూర్చుని ఉంది. ఒళ్లో చిన్న కుంకం భరిణె, దానిలో తడి పసుపు ముద్ద. చుట్ట గోడవైపు తిరిగి ఉన్న పక్క, ఎవరి కంటా పడని చోట, వేలితో బొట్టు పెట్టి, కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది.

"అమ్మా!"

ఆవిడ ఉలిక్కిపడి భరిణె కొంగులో దాచుకుంది.

"ఏం చేస్తున్నావే? ఏం చేస్తున్నావు నువ్వు?"

"ఏమీ లేదురా... కొత్తది గదా, పసుపు పెట్టేను," అంది వీరాయమ్మ. "కొత్త బట్ట కట్టుకునేముందు కొసన పసుపు అద్దుకోమా? ఆ నీళ్లకి ఇదే గదరా బట్ట. పసుపు లేకుండా ఒట్టి బట్ట ఎలా కడతాం? నువ్వు కోప్పడతావని ఇటుపక్కన పెడుతున్నాను."

"ప్రతి చుట్టకీ పెట్టేవా?"

"ఆయ్. మొదటి రోజు నుంచీ. ప్రతిదానికీ నీ పేరూ, విజయ పేరూ చెప్పుకుని మరీ పెట్టేను. నా కోడలు ఇంటికి రావాలి తల్లీ అని."

ప్రసాద్ రెండు చేతులతోనూ తల బాదుకున్నాడు. "దానివల్లే పోయేయే! మూడుసార్లూ నీ పసుపు వల్లే పోయేయి!"

"పసుపు వల్లా?" ఆవిడకి నిజంగా అర్థం కాలేదు. "పసుపు పురుగుని చంపుద్ది గదరా. దెబ్బ తగిలితే పసుపే గదా అద్దేది?"

వెనకాలే వచ్చిన ఎలీసమ్మ నెమ్మదిగా చెప్పింది. "దెబ్బకి మంచిదేనండి వీరాయమ్మ గారూ. కానీ ఆ పొడిలో మొండి క్రిములు కొన్ని ఉంటాయండి. మందునీళ్లకీ చావవు, వేడిగాలికీ చావవు. లోపల నీళ్లు తగిలేసరికి లేచి కూర్చుంటాయి."

వీరాయమ్మ మొహం పాలిపోయింది. అక్కడితో ఆగితే సరిపోయేది. ప్రసాద్ ఆగలేదు. నోటికి ఎంత వస్తే అంతా అన్నాడు. మూర్ఖురాలన్నాడు. ఈ వయసులో ఇంట్లో కూర్చోకుండా నా నెత్తిన ఎక్కేవన్నాడు. విజయని ఆ దేశంలోనే చచ్చేదాకా ఉంచడానికి కంకణం కట్టుకున్నావన్నాడు. బొండాలు కొట్టే షెడ్డులోంచి ఆడవాళ్లు కత్తులు చేత్తో పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడి చూశారు. ఎలీసమ్మ, "ఇంక చాలండి," అంది. అతనికి వినపడలేదు. వీరాయమ్మ కొంగుతో చుట్ట మీది పసుపు తుడుస్తూ కూర్చుంది. తుడిచినకొద్దీ అది ఇంకా లోపలికి ఇంకింది.

సాయంత్రం ఆదిలక్ష్మి గారి కొట్టు దగ్గరికి వెళ్లేసరికి కూడా ఆ కోపం చల్లారలేదు. పైగా దానికి ఇంకో దిగులు తోడైంది. సంగతి తెలిస్తే బుచ్చిరాజు గారు తల్లినీ కొడుకునీ కలిపి బయటికి పంపుతారు. ఎవరు మాత్రం ఉంచుకుంటారు? అసలు మిషనే అమ్ముకునే పరిస్థితి. ఫోన్ మోగింది. తీశాడు.

"ఏవండీ, ఏమైందండీ?" ఈసారి విజయ తిన్నారా అని కూడా అడగలేదు.

"ఏమవుద్ది? నా తలకాయైంది! మళ్లీ ఉబ్బేయి. మా అమ్మ దయ."

"అత్తయ్యగారేం చేసేరండీ?"

"ఎందుకులే అదంతా. పెట్టేయ్. ఆ సంతకం పెట్టేసెయ్. ఇక్కడ ఏమీ అవ్వదు. ఈ జన్మకి అవ్వదు. నువ్వొచ్చి మాత్రం ఏం చేస్తావు, ఈ పిచ్చోళ్ల మధ్య?"

"నిజంగా పెట్టెయ్యమంటారా?"

"చెప్తున్నాను గదా, పెట్టేయ్!" అని ఫోన్ పెట్టేశాడు. ఆదిలక్ష్మి గారు బెల్లం తూకం వదిలేసి అతనికేసే చూస్తోంది. ఆ చూపు భరించలేక లేచి వచ్చేశాడు.

రాత్రంతా కోపంతోనే పడుకుని, తెల్లారేసరికి సిగ్గుతో లేచాడు. తల్లి పెట్టిన కాఫీ తాగి, ఆవిడ మొహంకేసి చూడకుండా ఫ్యాక్టరీకి వెళ్లి, బుచ్చిరాజు గారికి ఉన్నదున్నట్టు చెప్పాడు. "మా అమ్మేనండీ. తప్పు మాది. మమ్మల్ని పంపించెయ్యండి. కానీ పసుపు తగలని చుట్టలు లోపల ఇంకా ఉన్నాయి. వాటితో ఒక్కసారి నడిపించండి. సరుకు బావుంటుంది. ఎవరితోనైనా నడిపించండి."

బుచ్చిరాజు గారు ఎవరూ అనుకోనట్టు చిన్నగా నవ్వారు.

"నేను పంతుల్ని పిలిచి మిషను ముందు కాయ కొట్టించేను గదండీ. మా అత్తయ్య గారు నిమ్మకాయలు కట్టించేరు. మేం బాహాటంగా చేసేం కాబట్టి మీరు కడుక్కున్నారు. ఆవిడ చాటుగా చేసేరు. అంతేగదండీ తేడా? నేనావిణ్ణి ఏ మొహంతో పంపించనండీ?" అని లేచి, చెప్పులేసుకున్నారు. "బొంబాయివాళ్ల కాళ్లు పట్టుకుని ఇంకో పదిరోజులు అడుగుతాను. మీరు మిషను కడగండి. మీ అమ్మగారు రేపట్నుంచి రావాలండీ. రాకపోతే నేనే వచ్చి పిలుస్తాను."

ఆ మాటకి ప్రసాద్‌కి కళ్లనీళ్లు వచ్చాయి. అప్పుడే విజయకి ఫోన్ చెయ్యాల్సింది. ఐఎస్‌డీ బూత్ దాకా వెళ్లాడు కూడా. గుమ్మంలో ఆగి ఆలోచించాడు. ఇప్పటికి మూడుసార్లు అవుతుందన్నాను, మూడుసార్లూ కాలేదు. నాలుగోసారి ఒట్టి మాట ఎందుకు? గడువుకి ఇంకా రెండు వారాల పైనే ఉంది. చెడని ప్యాకెట్ చేత్తో పట్టుకుని అప్పుడే చెబుతాను. ఆ వచ్చే శుక్రవారం ఆదిలక్ష్మి గారి ఫోన్ పాడై ఉంది. లైనుమన్ రాలేదు. అక్కడి ఇంటావిడ ఇంటికి చేస్తే విజయకి మాట వస్తుందేమోనని ఆ పనీ చెయ్యలేదు.

నాలుగోసారి వేడిగది తలుపు తీసినప్పుడు ఏ వాసనా రాలేదు. ప్యాకెట్లన్నీ పెట్టినవి పెట్టినట్టు, అంచులు పదునుగా, నిటారుగా నిలబడి ఉన్నాయి. ఎలీసమ్మ ఒక్కొక్కటీ వేళ్లతో నొక్కి చూసి, ఏరి కోసి, గాజుపళ్లేల్లో వేసి, మర్నాడు కూడా చూసి, "ఒక్కటీ లేదండి," అంది. అనవసరంగా మాట్లాడని మనిషి ఆ మాట రెండుసార్లు అంది. బుచ్చిరాజు గారు ఆత్రేయపురం మనిషిని పంపి పూతరేకులు తెప్పించి, లోడింగు కూలీల దగ్గర్నుంచి అందరికీ తన చేత్తో పెట్టారు. బొండాలు కొట్టే ఆడవాళ్లు వీరాయమ్మని పట్టుకుని నవ్వించాలని చూశారు. ఆవిడ చేతులు కొంగుతో తుడుచుకుంటూనే ఉంది.

ఆ శుక్రవారం సాయంత్రం ప్రసాద్ ఒక ప్యాకెట్ జేబులో పెట్టుకుని ఆదిలక్ష్మి గారి కొట్టుకి పరిగెత్తాడు. ఫోన్ బాగయింది. మోగగానే తీశాడు.

"విజయా! అయింది! ఒక్కటీ ఉబ్బలేదు. ఉద్యోగం కాయితం కూడా ఇచ్చేస్తున్నారు. వచ్చెయ్!"

రిసీవరు చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"వినపడుతోందా?"

"వినపడుతోందండి," అంది విజయ. "నేను ఆ రోజే పెట్టేసేనండి. మీరు చెప్పిన రోజే. ఫోన్ పెట్టెయ్యగానే వెళ్లి ఆవిడతో చెప్పేసేను. కాయితాలన్నీ అయిపోయినయ్యి. పాస్‌పోర్టు ఆవిడ దగ్గరే ఉంది."

"అదేంటే! గడువుంది గదా? నేనేదో కోపంలో అన్నాను!"

"కోపంలో అన్నారని నాకెలా తెలుస్తుందండీ? ఫోన్లో మొహం కనపడదు గదా." ఆమె ఏడవట్లేదు. ఏడ్చి చాలా రోజులైన గొంతు అది. "ఇంక రావొద్దంటున్నారేమో అనుకున్నాను. రెండేళ్లే కదండీ, అయిపోతాయిలెండి. ప్యాకెట్లు బావున్నాయా?"

"బావున్నాయి."

"పోన్లెండి. ఇక్కడి కొట్లలోకొస్తే నేనూ ఒకటి కొనుక్కుంటాను."

ఇంటికి వచ్చేసరికి వీరాయమ్మ గుమ్మంలో ఎదురుచూస్తోంది. కొడుకు కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాక, పక్కనే వచ్చి కూర్చుంది.

"ఎప్పుడొస్తానంది?"

"రెండేళ్లకి. సంతకం పెట్టేసింది."

ఆవిడ చెయ్యి నోటిమీదికి వెళ్లింది. "నా పసుపు వల్లేగదరా. నా పాపిష్టి చేతుల వల్లే..."

"కాదమ్మా," అన్నాడు ప్రసాద్. "నీ పసుపు కడిగేసుకున్నాం. ఇది నేను చేసుకున్నది. సంతకం పెట్టెయ్యమని దాంతో నేనే చెప్పేను. నీ మీది కోపం దాని మీద చూపించేను."

వీరాయమ్మ లేచి, లోపలికి వెళ్లబోతూ ఆగింది.

"నేను తప్పు చేసేనని నలుగుర్లోనూ నన్ను నిలబెట్టి తిట్టేవు. తిట్టించుకున్నాను," అంది. "నిన్ను తిట్టాల్సిన పిల్ల ఇక్కడ లేదు గదరా."